ఉచిత పఠనసాధనములు – ఔచిత్యవిచారము

'ఉచ సమవాయే' యను ధాతువునుండి పుట్టిన 'ఉచిత' శబ్దమునకు సంస్కృతమునఁ దగినది, యుక్తమైనది, అలవాటుపడినది అని యర్థములు. తెలుఁగున నీ శబ్దము తగిన దను నర్థమును విడువకయే, వెల యీయక లభించునది యను నర్థమునఁ గూడ రూఢమైనది. ఈ రెండర్థములును నొక్క వస్తువునందే కుదురునా యను ప్రశ్న నేఁటి చదువరులకు దినదినమును దటస్థించుచున్నది. మొబైలు ఫోనునందుఁ బుస్తకములను జదువుటకై వెలలేని యాపులు పెక్కులు గలవు. గ్రంథాలయములలో నరుదుగా దొరకు ప్రబంధములు, వ్యాకరణములు, శాసనసంపుటములు, పాత పత్రికలు వీనిమూలమున నఱచేతిలోనికి వచ్చుచున్నవి. బడిపంతులు మొదలు పరిశోధకునివఱకు నందఱు నేదో యొక యాపును దమ ఫోనున నుంచికొని చదువుచునే యున్నారు. కాని వెల లేకుండుటయుఁ దగియుండుటయు నను రెండు గుణములు నెందుఁ గలవో యెంచి చూచి గ్రహించినవారు కొందఱే. కావ్యమునకు స్థిరమైన ప్రాణ మౌచిత్య మని పదునొకండవ శతాబ్దిని క్షేమేంద్రుఁడు 'ఔచిత్యవిచారచర్చ' యందు సిద్ధాంతము చేసెను. సాధనమునకును నదియే ప్రాణము. ఆ యౌచిత్యమును నిర్ణయించుటకు నీ సాధనముల చరిత్రకంటె మంచి ప్రమాణము లేదు. ఏలయన నిందుఁ బుట్టినవానిలోఁ బెక్కు లిదివఱకే గిట్టినవి, గిట్టినపుడు చదువరుల పుస్తకములను గూడఁ గొన్నింటిని వెంటఁ గొనిపోయినవి.

గ్రంథము నిలుచుట కే దాధార మను విషయమునఁ దెలుఁగువారికిఁ బూర్వానుభవము చాలఁ గలదు. తాటియాకు మన్నిక గల వస్తువే కాని శాశ్వతము గాదు. చెదలు, తేమ, అగ్ని దానికి శత్రువులు. నన్నయభట్టు కాలమున వ్రాయఁబడిన భారతప్రతి యేదియు నేఁడు లేదు; అయినను నాతని భారతము నిలిచియున్నది. నిలుచుటకుఁ గారణ మాకు గాదు, ప్రతి. ఒకరి యింటఁ గల తాళపత్రగ్రంథమును మఱియొకరు తెచ్చికొని వ్రాసికొనుట, ఆ ప్రతికి వేఱొక యూర నింకొక ప్రతి పుట్టుట, ఈ విధమున సాహిత్యము తరతరములు దాఁటి వచ్చినది. లేఖకుల తప్పులు చేరినను, ప్రతులు పెక్కు లున్న కొలఁది వానిని బోల్చి పాఠనిర్ణయము చేయుట సాధ్యమయ్యెను. చార్లెసు ఫిలిప్పు బ్రౌను (1798–1884) కడపలోఁ బండితులను నియమించి, పలుచోట్లనుండి ప్రతులను దెప్పించి, పోల్పించి, శుద్ధప్రతులను వ్రాయించెను. 1829లో నాతఁడు ప్రకటించిన వేమన పద్యముల కూర్పు పెక్కు ప్రతులను బరిశీలించిన శ్రమకు ఫలము. ఒకే యింట, ఒకే పెట్టెలో, తాళముక్రింద నున్న ప్రతి యా పెట్టెతోడనే నశించును; పదియిండ్ల నున్నది నిలుచును. ప్రతి చేయ వీలుకాని గ్రంథము చిరకాలము మనఁజాల దను నీ చిన్న సూత్రమును మనసున నుంచికొని పఠనసాధనముల చరిత్రను జూడవలెను.

ఎలెక్ట్రానికు గ్రంథముల చరిత్రకు సాధారణముగా 1971 జూలై 4వ తేదిని మొదలుగాఁ జెప్పుదురు. ఆ దినమున అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున మైకేల్ హార్ట్ అను యువకుఁడు, తనకు లభించిన పెద్ద కంప్యూటరునందు అమెరికా స్వాతంత్ర్యప్రకటనమును దానే టైపు చేసి, ఆ జాలమునఁ గలవా రందఱును నుచితముగాఁ దీసికొన వీలు గల్పించెను. అందుండి పుట్టినదే గూటెన్‌బర్గు ప్రాజెక్టు. హార్ట్ 2011లో మరణించెను. ఆతఁడు వాడిన యంత్రము వాడుకనుండి తొలఁగి చాల కాలమైనది. ఆతని నాఁటి ప్రతియొక్క పాఠము మాత్రము నేఁటి యే ఫోనునందైనను దెఱచి చదువవచ్చును. కారణము స్పష్టము. అది యే సంస్థయొక్కయు సొంత మూసలోఁ బోయఁబడినది గాదు. అందఱెఱిఁగిన సంకేతములతో వ్రాసిన సాదా పాఠము. దానికిఁ దాళము లేదు; కావున దానికిఁ బ్రతులు లెక్కకు మిక్కిలిగాఁ బుట్టినవి. అయితే యా సంకేతమండలి యగు 'ఆస్కీ'యందు నూటయిరువదియెనిమిది స్థానములే గలవు. అం దింగ్లీషు అక్షరములకును, అంకెలకును, గుర్తులకునే చోటు సరిపోయినది. తెలుఁగునకు నాఁ డందుఁ బ్రవేశము లేదు.

చేతఁ బట్టికొని చదువుటకుఁ దగిన చిన్న యంత్రములు 1990 దశాబ్దిని బ్రచారమునకు వచ్చినవి. 1996లో వెలువడిన పామ్ పైలట్ తెర యడ్డముగాను నిలువుగాను నూటయఱువదేసి చుక్కలు మాత్రమే గలది. అంత చిన్న తెరమీఁదను నవలలను జదివినవారు గలరు. 2000 సంవత్సరమున మైక్రోసాఫ్టు సంస్థ 'మైక్రోసాఫ్ట్ రీడర్' అను వెలలేని పఠనసాధనమును బ్రకటించి, అక్షరముల యంచులను నునుపుగాఁ జూపు 'క్లియర్‌టైపు' అను నేర్పును దానియందుఁ జేర్చెను. ఆ యేఁటనే ఫ్రాన్సునఁ బుట్టిన మొబీపాకెట్ సంస్థ పలువిధములైన చేతియంత్రములపైఁ బనిచేయు పఠనసాధనమును సమకూర్చెను. ఈ రెండును దమ తమ సొంత రూపములలోఁ బుస్తకములను గట్టినవి. మైక్రోసాఫ్ట్ రీడర్ 2012లో నిలిపివేయఁబడెను. మొబీపాకెట్‌ను 2005లో అమెజాన్ సంస్థ కొనెను. దాని రూపమే తరువాతఁ గిండిల్ పుస్తకములకు మూలమయ్యెను. పాత సాధనముతోడనే తెఱచుకొనునట్లు తాళము వేసి యమ్మిన పుస్తకములు సాధన మంతరించినతోడనే నిరుపయోగములైనవి. అవి వెల యిచ్చి కొన్నవి. హార్ట్ టైపు చేసినది వెల లేనిది. నిలిచిన దేదియో చరిత్రయే చెప్పుచున్నది.

2007 నవంబరున అమెజాన్ తన కిండిల్ యంత్రమును విపణికిఁ దెచ్చెను. 2008 జూలైలో ఐఫోనులకు యాపుల యంగడి తెఱవఁబడెను. ఆ యేఁటనే స్టాంజా యను నుచితయాపు ఐఫోనునందుఁ బ్రసిద్ధి కెక్కెను. గూటెన్‌బర్గు వంటి యుచితభాండారములనుండి గ్రంథములను దెచ్చికొని చదువుట కది మిక్కిలి యనుకూలముగా నుండెను. 2009 మార్చిలోఁ గిండిల్ యాపు ఐఫోనునకు వచ్చినది. ఏప్రిలులో స్టాంజాను నిర్మించిన సంస్థను అమెజానే కొన్నది. పిదప నా యాపు పోషణము లేక క్షీణించి మఱుఁగుపడెను. 2010 ఏప్రిలులో ఐప్యాడుతోఁగూడ ఆపిల్ సంస్థ ఐబుక్స్ అను యాపును దెచ్చెను. దానికే 2018లో ఆపిల్ బుక్స్ అని పేరు మార్చిరి. గూగుల్ సంస్థ 2010 డిసెంబరున నీ-పుస్తకముల యంగడిని దెఱచి, 2012లో దానిని గూగుల్ ప్లే పేరికిఁ జేర్చెను. ఈ యాపుల కన్నింటికిని వెల లేదు. అది దాతృత్వ మని భ్రమింపరాదు. అంగడిలో నడుగు పెట్టుటకు వెల యడుగు వర్తకుఁ డెందును లేఁడు. యాపు వాకిలి; లోపల నమ్మునది పుస్తకము. వర్తకుఁ డంగడి పెట్టుట దోషము గాదు. కాని కొన్న వస్తువు కొన్నవాని యింటికి వచ్చినదా, అంగడివాని గదిలోనే యున్నదా యని విచారించుట కొనువాని విధి.

ఈ విచారము లేకున్నచో నేమగునో తెలుపు వృత్తాంతములు మూఁడు గలవు. మొదటిది 2009 జూలైలో జరిగినది. జార్జి ఆర్వెల్ రచించిన '1984', 'ఏనిమల్ ఫారమ్' అను పుస్తకములను హక్కు లేని యొక ప్రకాశకుఁడు కిండిల్ అంగడిలో నుంచి యమ్మెను. సంగతి తెలిసినంతనే అమెజాన్, కొన్నవారి యంత్రములనుండి యా పుస్తకములను దూరమునుండియే తొలఁగించి, వెలను మరల నిచ్చివేసెను. వెల వచ్చినది, కాని యా పుస్తకమునకు నొక విద్యార్థి వ్రాసికొన్న టిప్పణములు మూలము లేనివై వ్యర్థములైనవి. ఆతఁడు వ్యాజ్యము వేసెను. అది రాజీతో ముగిసెను. సంస్థాధిపతి యా చర్యకు బహిరంగముగా క్షమాపణము చెప్పెను. రెండవది 2019 నాఁటిది. మైక్రోసాఫ్టు తన పుస్తకముల యంగడిని మూసివేయుచున్నట్లు ఏప్రిలున దెలిపి, జూలైనుండి కొన్న పుస్తకములు తెఱచుకొన వని ప్రకటించెను. వెల నంతయు మరల నిచ్చుటయే కాక, పుస్తకములందు గుర్తులును వ్రాఁతలును జేసికొన్నవారికి నదనముగా నిరువదియైదు డాలర్ల నిచ్చుట కంగీకరించెను. చదువరి తన పుస్తకపుటంచులలో వ్రాసికొన్న దానికి నంగడివాఁడు కట్టిన వెల యది. మూఁడవది 2025 ఫిబ్రవరి 26వ తేదిని జరిగినది. అమెజానునందుఁ గొన్న పుస్తకములను గంప్యూటరునకు దింపికొని తీఁగెద్వారమున యంత్రమునకుఁ జేర్చికొను సదుపాయమును నా దినమున నెత్తివేసిరి. మూఁడింటను బుస్తకము పోవుటకుఁ గారణము చెదలు గాదు, అగ్ని గాదు; ప్రతి యన్యులచేతిలో నుండుటయే.

ఈ సందర్భమున నింగ్లీషువారి చిక్కు నొకదానిని బేర్కొనవలెను. వారి భాషలో వెల లేమిని, బంధము లేమిని ఒకే మాట తెలుపును. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించిన ఉద్యమము స్వేచ్ఛను గోరినదే కాని వెలలేమిని గోరినది గాదు. ఈ భేదమును వివరించుట కాతఁడు జీవితకాలమంతయు శ్రమింపవలసివచ్చెను. తెలుఁగున 'ఉచితము', 'స్వేచ్ఛ' అని రెండు శబ్దములు వేఱువేఱుగా నుండుటచే నిక్కడ నా చిక్కు లేదు. స్వేచ్ఛాసాధన మనఁగా, దాని నిర్మాణపాఠ మందఱకును దెలియునట్లు ప్రకటింపఁబడి, ఎవరైనను సవరించుటకును బంచుటకును ననుజ్ఞ గలది. నిర్మించినవాఁడు విడిచినను దానిని మఱియొకఁడు పోషింపఁగలఁడు. స్టాంజాకు లేనిది యీ బలమే. 2006లో భారతీయుఁడగు కోవిద్ గోయల్ ప్రారంభించిన 'కాలిబర్' అను గ్రంథభాండారసాధనము కంప్యూటరుకొఱకు నిట్టి యనుజ్ఞతోనే వెలువడి, నేఁటికిని వృద్ధి పొందుచున్నది. ఒక రూపముననున్న పుస్తకమును వేఱొక రూపమునకు మార్చుట, కర్త పేరును గ్రంథనామమును సరిగాఁ జేర్చుట, ఫోనునకుఁ బంపుట మొదలగు పనుల నది చేయును.

యాపును గూర్చి విచారించుటకు ముందు పుస్తకరూపములను గూర్చి తెలిసికొనవలెను. నేఁడు ముఖ్యమైనవి రెండు: పీడీఎఫ్, ఈపబ్. పీడీఎఫ్‌ను 1993లో అడోబ్ సంస్థ ప్రకటించెను. 2008లో నది యంతర్జాతీయ ప్రమాణ మయ్యెను. అందుఁ బుట స్థిరము. అచ్చుకూటమున బిగించిన ఫారమువలె నే యక్షర మెక్కడ నుండెనో యక్కడనే యుండును. కావున పుటసంఖ్యను జూపి ప్రమాణ మీయవలసిన పరిశోధకునకుఁ బీడీఎఫ్ యుచితము. కాని పెద్దపుటను జిన్న ఫోనుతెరపైఁ జదువుట కన్నులకుఁ గష్టము. ఈపబ్ దీనికి విపరీతము. 1999లో వెలువడిన 'ఓపెన్ ఈబుక్' ప్రమాణమునుండి యది వృద్ధి పొంది 2007లో నీ పేరు దాల్చెను, 2011లో మూఁడవ కూర్పు వచ్చెను, 2017నుండి దాని పోషణము, వెబ్ ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యూత్రీసీ సంస్థ కబ్బెను, 2023లో 3.3 కూర్పు ప్రకటింపఁబడెను. ఈపబ్ అనునది వెబ్‌పుటలను, చిత్రములను, ప్రకరణముల వరుసను దెలుపు పట్టికను నొక్క మూటగాఁ గట్టినది మాత్రమే. అందు వాక్యము తెరవెడల్పు ననుసరించి యొదిగి ప్రవహించును. అక్షరములను బెంచినచోఁ బుటలు పెరుగును. కన్ను మందగించిన వృద్ధపండితునకు నీ గుణ మొక్కటియే చాలును. ఈపబ్ కెల్లప్పుడును స్వేచ్ఛ కల దనుకొనరాదు. దానికిని దాళము వేయవచ్చును. తాళము లేని ఈపబ్‌ను మాత్ర మే యాపుతోనైనను దెఱవవచ్చును. ఈ భేదమును జూచియే కొనవలెను.

ఇంతవఱకుఁ జెప్పిన దే భాషకైనను జెల్లును. తెలుఁగునకుఁ బ్రత్యేకమైన కష్టములు వేఱు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పునఁ దెలుఁగునకు నూటయిరువదియెనిమిది స్థానముల ఖండ మొకటి యేర్పడెను. అందు లిపి యచ్చున కనఁబడు రూపముచొప్పునఁ గాక యుచ్చారణక్రమముచొప్పున నిలుపఁబడును. 'స్త్రీ' యన్నచో స-కారము, పొల్లు, త-కారము, పొల్లు, ర-కారము, ఈ-కారచిహ్నము అని యాఱు సంకేతములు వరుసగా నుండును. వానిని గూర్చి యొక్కయక్షరముగాఁ జూపుట ఫాంటును, లిపిని గూర్చు యంత్రభాగమును జేయవలసిన పని. వర్ణసమామ్నాయము నెఱిఁగిన వైయాకరణున కీ యేర్పాటు సంతోషము గలిగించును. ధ్వని నిత్యముగా నుండఁగా రూపము మాఱుచుండును. కాని యా కూర్పు సరిగా లేని యాపునందు వత్తులు విడిపోయి, సంయుక్తాక్షరము పొల్లులవరుసగాఁ గనఁబడును. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' యను నక్షరమునకు సంబంధించిన యొక సంకేతక్రమము తెరమీఁదికి వచ్చినంతనే ఐఫోనులందలి యాపులు కుప్పకూలెను. ఆ నెల 19వ తేదిని వెలువడిన సవరణముతోఁగాని యది చక్కఁబడలేదు. జ్ఞానశబ్దమునకు మొదటి యక్షరమును గూర్చుటలో లోక ప్రసిద్ధయంత్రమే తొట్రుపడె నన్నచోఁ దెలుఁగు సంయుక్తాక్షరముల కెంత జాగ్రత్త వలయునో తెలియఁగలదు.

ప్రాచీనగ్రంథములకు వలసిన కొన్ని యక్షరములు మొదటినుండియు యూనికోడునఁ గలవు. అరసున్న, శకటరేఫము అట్టివి. దంత్యములగు ౘ, ౙలును, అవగ్రహమును, 'కౢప్తము' అను మాటలోని ఌ-కారచిహ్నమును 2008లో వెలువడిన 5.1 కూర్పుననే చేరినవి. అందువలనఁ బాత ఫాంటులలో నీ యక్షరముల స్థానమున నుత్త గడి మాత్రమే కనఁబడును. ఒక యాపు తన ఫాంటును మాత్రమే వాడునో, లేక చదువరి తెచ్చిన ఫాంటును గూడ నంగీకరించునో పరీక్షించుట యిందువలన ముఖ్యము. సూరన్న, గురజాడ, గిడుగు మొదలగు పేర్లతో సిలికానాంధ్ర సంస్థ వెలువరించిన తెలుఁగు ఫాంటులు స్వేచ్ఛానుజ్ఞతో నుచితముగా లభించుచున్నవి. ఇంకొక కష్టము పాత కంప్యూటరు ముద్రణమునుండి వచ్చినది. యూనికోడు వ్యాపింపకముందు డీటీపీ పనివారు వాడిన ఫాంటులలోఁ దెరమీఁదఁ దెలుఁగక్షరము కనఁబడునే కాని లోపల నింగ్లీషు అక్షరమో గుర్తో యుండెడిది. అట్టి పీడీఎఫ్ చూచుటకుఁ దెలుఁగు. వెదకుటకును, వినుటకును, ప్రతి చేయుటకును నర్థములేని గీఁతల మూట.

భాషకు నంగడిలోఁ జోటు దొరకుటయు వర్తకుని యిచ్ఛమీఁద నాధారపడియున్నది. 2016 డిసెంబరున అమెజాన్ కిండిల్‌నందు హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము అను నయిదు భారతీయభాషల పుస్తకములను బ్రవేశపెట్టెను. ఆ యయిదింటఁ దెలుఁగు చేరలేదు. స్వేచ్ఛగల రూపమున కిట్టి యనుమతి యక్కఱలేదు. 2005లోఁ బ్రత్యేకముగా వెలసిన తెలుఁగు వికీసోర్సునందు స్వచ్ఛందసేవకులు పాతపుస్తకముల పుటచిత్రములను బ్రక్కన నుంచికొని, పాఠమును టైపు చేసి, దిద్ది, పుటపుటను సరిచూచుచున్నారు. అందలి గ్రంథములను ఈపబ్‌గా దింపికొని యే యాపుతోనైనను జదువవచ్చును. అది బ్రౌను పండితులు చేసిన పనియే. స్థలము మాఱినది, పని మాఱలేదు. చిత్తూరు జిల్లాలోని కాటూరునఁ బుట్టి, 1994లో ట్యూరింగు పురస్కారమును బొందిన రాజ్ రెడ్డి ముఖ్యుఁడుగా సాఁగిన విశ్వగ్రంథాలయ ప్రయత్నమునకు శాఖయై, బెంగుళూరి భారతీయ విజ్ఞానసంస్థ యాశ్రయమున వెలసిన 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా' యందుఁ దెలుఁగు గ్రంథములు వేలకొలఁది పుటచిత్రములుగాఁ జేరినవి. కొన్నేండ్లకు నా భాండారపు ద్వారము మూసికొనెను. కాని యంతకుముందే యా గ్రంథములు ప్రతులై ఇంటర్నెట్ ఆర్కైవునకుఁ జేరియుండుటచే నేఁటికిని లభించుచున్నవి. తాళపత్రముల సూత్రమే యిందును జెల్లినది.

యాపునందు గ్రంథమును వెదకుటయు నొక విద్య. ఈ విషయమున వ్యాకరణజ్ఞానము మిక్కిలి యుపకరించును. యంత్రము సంధి నెఱుఁగదు. 'ఈశ్వర' అని వెదకినచో 'పరమేశ్వర' దొరకదు. ఏలయన గుణసంధిచే ఈ-కారము ఏ-కారచిహ్నములో లీనమైనది. 'శ్వర' అని వెదకిన దొరకును. అట్లే 'ఆలయము' అని వెదకిన 'విద్యాలయము' చిక్కదు. 'లయము' అని వెదకవలెను. 'పూచెఁ గలువలు' అను చోటఁ 'గలువలు' అనియే వెదకవలెను గాని 'కలువలు' అని కాదు. అరసున్న గల ప్రతిలో 'వాడు' దొరకదు. లేని ప్రతిలో 'వాఁడు' దొరకదు. కావునఁ బదమునకు సంధిచే మాఱని నడిమి హల్లులను బట్టి వెదకుట పండితునకుఁ దగిన మార్గము. ఈ కిటుకు తెలియనివాఁడు గ్రంథమున లేని దని సిద్ధాంతము చేసి పొరపడును. పుటచిత్రములు గల పీడీఎఫ్‌నందైతే నే మాటయు దొరకదు. అక్కడఁ గన్నులే వెదకవలెను.

పై చరిత్రనుండి పరీక్షాక్రమము తనంతఁ దానే యేర్పడుచున్నది. మొదట, చదువరి తన ఫోనులో నున్న తాళములేని ఈపబ్, పీడీఎఫ్ పుస్తకములను ఖాతా తెఱవకుండనే యా యాపు తెఱచునా? రెండవది, ఇంటర్నెట్టు లేనిచోటను జదువనిచ్చునా? మూఁడవది, 'స్త్రీ', 'జ్యోత్స్న', 'కార్త్స్న్యము', 'వాఁడు', 'కౢప్తము', 'సోఽహమ్' అను మాటలను దప్పులేక చూపునా? నాల్గవది, సొంత ఫాంటును జేర్చుకొనిచ్చునా? అయిదవది, తెలుఁగు మాటను వెదకి చూపునా? ఆఱవది, వ్రాసికొన్న టిప్పణములను విడిగా వెలికిఁ దీసి దాఁచుకొనిచ్చునా? ఏడవది, చదువుటతో సంబంధము లేని పరిచయస్తుల పట్టికను, ఉనికిని దెలిసికొనుట కనుమతి నడుగునా? ఈ కడపటి దానికిఁ గా దనియుఁ, దక్కినవాని కౌ ననియు నుత్తరము వచ్చినచో నా యాపు వెల లేనిదియుఁ దగినదియు నగును. టిప్పణములను గూర్చిన పరీక్షను దేలికగా నెంచరాదు. వ్యాఖ్యానములే జీవితముగాఁ గల విద్వాంసునకు మూలము మరల దొరకవచ్చును గాని, పదేండ్లు పుటపుటకు వ్రాసికొన్న పాఠభేదములు మరల దొరకవు.

ఈ కొలఁతతోఁ గొన్నింటిని జూడవచ్చును. ఆండ్రాయిడు ఫోనులందు 'కోరీడర్', 'లిబ్రెరా' యనునవి స్వేచ్ఛానుజ్ఞ గలవి. కోరీడర్ సొంత ఫాంటులను జేర్చుకొననిచ్చును, టిప్పణములను వెలికిఁ దీయనిచ్చును, పాతపుస్తకముల పుటచిత్రములలోఁ జుట్టునుగల ఖాళీయంచులను గత్తిరించి చూపును. దాని యమరికలను నేర్చుకొనుటకు మాత్రము కొంత యోపిక వలయును. లిబ్రెరా పలురూపముల పుస్తకములను దెఱచును, బిగ్గరగాఁ జదివి వినిపించును; ఎఫ్-డ్రాయిడ్ భాండారమున దొరకు దాని కూర్పునఁ బ్రకటనలు లేవు. ఐఫోను వారికి ఆపిల్ బుక్స్ తోడనే వచ్చును. తాళములేని ఈపబ్, పీడీఎఫ్‌లను దెఱచును. కాని యది యా సంస్థ యంత్రములను విడిచి వెలికి రాదు. గూగుల్ ప్లే బుక్స్ చదువరి సొంత పుస్తకములను దనలోనికిఁ జేర్చుకొనును. అయితే యది ఖాతాతోడను, ఆ సంస్థ భాండారముతోడను ముడివడినది. కిండిల్ 2022 నుండి ఈపబ్‌ను బంపుట కంగీకరించినను, దానిని దన సొంత రూపమునకు మార్చియే చూపును. ఏదియు సర్వగుణసంపన్నము గాదు. కాని లోపము సౌకర్యమునందుఁ గలదా, స్వామ్యమునందుఁ గలదా యను భేదము పెద్దది. మొదటిది యోర్వఁదగినది.

ఇక్కడ నొక పూర్వపక్షము గలదు. తాళము లేకున్నచో జీవించియున్న రచయిత కేమి దొరకును? ప్రతి చేయుట సులభమైనచోఁ గొనువాఁ డెవఁడు? ఈ ప్రశ్న న్యాయమైనది. రచయిత కూలి నెగవేయుట సాహిత్యసేవ గాదు. దీనికి సమాధానము చట్టమునందే కలదు. భారతదేశమున 1957 నాఁటి కాపీరైటు చట్టమును బట్టియు, దానికి 1992లో జరిగిన సవరణమును బట్టియు, రచయిత జీవితకాలమంతయు, ఆతని మరణానంతర మఱువదేండ్లును హక్కు నిలుచును. 1915లో మరణించిన గురజాడ అప్పారావు, 1919లో మరణించిన కందుకూరి వీరేశలింగము, 1940లో మరణించిన గిడుగు రామమూర్తి తమ జీవితకాలమునఁ బ్రకటించిన రచన లిప్పుడు లోకుల సొత్తు. వానికిఁ దాళము వేయుటకుఁ గారణము లేదు. నేఁటి రచయితల పుస్తకములను వెల యిచ్చియే కొనవలెను. తాళము వేసిన యంగడియందుఁ గొనినను దప్పు లేదు. కాని యా కొనుగోలు పుస్తకముఁ జదువుకొను హక్కునకే కాని, పుస్తకమునకుఁ గా దని తెలిసికొని కొనవలెను. పూర్వకవుల గ్రంథములను మాత్రము తాళములేని రూపముననే సంపాదించి, ఫోనునందొకటి, కంప్యూటరునందొకటి, విడి భాండారమునం దొకటిగా మూఁడు ప్రతులైన నుంచుకొనుట వివేకము.

ఈ విచారమువలనఁ దేలిన దిది. యాపు ఘంటము వంటిది. గ్రంథము పాఠము వంటిది. ఘంటము మొండివోయినచో వేఱొకటి కొనవచ్చును. తాటియాకులకాలమున లేఖకుఁడు ఘంటముకొఱకుఁ బాఠమును విడిచిపెట్టలేదు. ఏ యాపు తా నంతరించిన దినమునఁ జదువరి చేత పుస్తకమును, టిప్పణములను విడిచిపోవునో, అది వెల లేనిదైనను వెల గలదైనను నుచితము. ఏది తనతోఁగూడఁ గొనిపోవునో, అది వెల లేనిదైనను ననుచితమే. బడిలోఁ బంతులు పిల్లలకు యాపును జూపునపుడు ముందుగా నీ భేదమును జెప్పినచో, రాఁబోవు తరమునకు నిలుచు గ్రంథము లెక్కువ యగును. విజ్ఞులు పరీక్షించి గ్రహింతురు గాక.